గ్రాఫిక్స్ కార్డు ఓవర్‌క్లాకింగ్, స్థిరత్వ పరీక్ష: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ సమాధానాలలో ఉదాహరణగా తీసుకున్నది డెస్క్‌టాప్ కంప్యూటర్లలో విరివిగా కనబడే ఎన్విడియా జీఫోర్స్ ఆర్‌టీఎక్స్ 3060, 12 జీబీ కార్డు. విండోస్‌లో ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ (కార్డు వేగాన్ని మార్చే ప్రోగ్రామ్) వాడుతున్నట్లుగా అంకెలు ఇచ్చాము. పద్ధతి మాత్రం మిగతా కార్డులకూ వర్తిస్తుంది, తేడా ఉన్న చోట విడిగా చెప్పాము.

ఓవర్‌క్లాకింగ్ చేసినప్పుడు కార్డు లోపల అసలు ఏం మారుతుంది?

గ్రాఫిక్స్ చిప్ క్లాక్ అనే ఒక లయకు కట్టుబడి పనిచేస్తుంది. 1800 మెగాహెర్ట్జ్ అంటే సెకనుకు 180 కోట్ల తాళాలు. ఒక తాళానికీ తరువాతి తాళానికీ నడుమ ఉన్న అతి స్వల్ప వ్యవధిలోనే సంకేతాలు ట్రాన్సిస్టర్ల వరసలు దాటి సరైన విలువతో అవతలి ఒడ్డుకు చేరాలి. ఓవర్‌క్లాకింగ్‌లో, అంటే కార్డును తయారీదారు పెట్టిన వేగానికి మించి నడపడంలో, మనం ఆ వ్యవధిని కుదిస్తాము. వోల్టేజీ పెరిగితే ట్రాన్సిస్టర్లు చురుగ్గా కదులుతాయి, వేడి పెరిగితే సాధారణంగా మందగిస్తాయి. ఏ ఒక్క సంకేతమైనా సమయానికి చేరకపోతే తప్పుడు లెక్క పుడుతుంది. ఆ తప్పు తెర మీద చుక్కగా కనబడవచ్చు, డ్రైవర్‌ను (విండోస్‌కూ కార్డుకూ నడుమ పనిచేసే ప్రోగ్రామును) పడగొట్టవచ్చు, లేదా ఎవరి కంటా పడకుండా దాటిపోవచ్చు. ఈ మూడో రకం తప్పు కోసమే స్థిరత్వ పరీక్షను ఇంత శ్రద్ధగా చేయవలసి వస్తుంది.

ఇంకొక విషయం కూడా తెలిసి ఉండాలి. 2012లో జీటీఎక్స్ 680తో వచ్చిన జీపీయూ బూస్ట్ నాటి నుండి ఎన్విడియా కార్డులకు స్థిరమైన వేగం అంటూ లేదు. వేడిని, విద్యుత్తును, వోల్టేజీని చూసుకుంటూ కార్డు తన వేగాన్ని తానే క్షణక్షణం మార్చుకుంటుంది. అందువల్ల ఆఫ్టర్‌బర్నర్‌లో మీరు పెట్టే +100 అనే అంకె ఒక స్థిరమైన వేగాన్ని సూచించదు. ప్రతి వోల్టేజీ మెట్టు వద్దా కార్డు నడిచే వేగానికి అంత అదనంగా కలపమని అడిగినట్లు అర్థం.

దీనివల్ల వాస్తవంగా ఎంత లాభం ఉంటుంది?

చాలా కార్డులలో ఆటల వేగం 5 నుండి 10 శాతం పెరిగితే మంచి ఫలితమే. 60 ఎఫ్‌పీఎస్ (సెకనుకు తెర మీద మారే ఫ్రేముల సంఖ్య) వస్తున్న ఆట 64 వద్దకో 65 వద్దకో చేరుతుంది. 35 ఎఫ్‌పీఎస్‌తో ఈడ్చుకుంటూ నడుస్తున్న ఆట 60కి చేరదు. దానికి ఆటలోని సెట్టింగులు తగ్గించడమో కార్డు మార్చడమో తప్ప దారి లేదు. తయారీదారు ముందే కొంత వేగం పెంచి అమ్మే ఓసీ రకం కార్డులలో మనకు మిగిలే అవకాశం ఇంకా తక్కువ.

కార్డు కాలిపోయే ప్రమాదం ఉందా?

వోల్టేజీని ముట్టుకోకుండా కోర్ క్లాక్ (చిప్ వేగం), మెమరీ క్లాక్ (కార్డు మీది మెమరీ వేగం), పవర్ లిమిట్ (కార్డు వాడగల విద్యుత్తుకు పరిమితి), ఫ్యాన్ వేగం మాత్రమే ప్రోగ్రామ్ ద్వారా మారిస్తే కార్డు శాశ్వతంగా పాడయ్యే అవకాశం చాలా తక్కువ. హద్దు దాటితే కార్డు క్రాష్ అవుతుంది, కంప్యూటర్ తిరిగి ఆన్ చేయగానే పాత స్థితికి వస్తుంది. ఈ మార్పులు కార్డు బయోస్‌లో (కార్డులోనే శాశ్వతంగా ఉండే ప్రోగ్రాములో) రాయబడవు.

అసలు ప్రమాదం వోల్టేజీతో వస్తుంది. చిప్ వాడే విద్యుత్తు వేగాన్ని బట్టి నేరుగానూ, వోల్టేజీని బట్టి దాని వర్గంగానూ పెరుగుతుంది. రెండింటినీ 5 శాతం చొప్పున పెంచితే విద్యుత్తు వాడకం సుమారు 16 శాతం పెరుగుతుందన్నమాట. చిప్ ఆయుష్షును కాలక్రమంలో తినేసేవి అధిక వోల్టేజీ, అధిక వేడి. వేరే కార్డు బయోస్ ఎక్కించడం, విద్యుత్ పరిమితిని తప్పించడానికి బోర్డు మీద సోల్డరింగ్ చేయడం వంటివి ఈ పేజీ పరిధిలోకి రావు. రోజూ వాడుకునే కార్డు మీద అటువంటి పనులు చేయవద్దనే మా సలహా.

మొదలుపెట్టే ముందు ఏమేమి సరిచూసుకోవాలి?

మొట్టమొదట, ఏ మార్పూ చేయకుండా, తరువాతి సమాధానంలో చెప్పిన పరీక్ష ప్రోగ్రాములలో ఒకదానితో కార్డును అరగంట పాటు పూర్తి భారంతో నడపండి. మామూలు వేగంలోనే క్రాష్ అవుతున్న కార్డుకు కావలసింది మరమ్మతు. ఈ పరుగులో వచ్చిన స్కోరు, అత్యధిక ఉష్ణోగ్రత, నిలకడగా నిలిచిన క్లాక్ వేగం మూడింటినీ కాగితం మీద రాసుకోండి. ఇవి లేకపోతే తరువాత వచ్చే ప్రతి అంకెనూ దేనితో పోల్చాలో తెలియదు.

ఆ తరువాత ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కు విద్యుత్తు అందించే పెట్టె) చూడండి. మదర్‌బోర్డు స్లాట్ నుండి 75 వాట్లు, 8 పిన్నుల కేబుల్ నుండి 150 వాట్లు కార్డుకు అందుతాయి. 170 వాట్ల 3060కి ఒక్క 8 పిన్నుల కేబుల్ సరిపోతుంది. రెండు సాకెట్లున్న పెద్ద కార్డులకు మాత్రం ఒకే కేబుల్‌కు వేలాడే రెండు కొసలను కాకుండా, ఎస్ఎంపీఎస్ నుండి విడివిడిగా వచ్చే రెండు కేబుళ్లను పెట్టాలి. పేరు తెలియని చౌక ఎస్ఎంపీఎస్ మీద నడిచే కంప్యూటర్‌లో ఓవర్‌క్లాకింగ్ మొదలుపెట్టకపోవడమే మేలు. పూర్తి భారం వద్ద దాని వోల్టేజీ జారిపోతే తప్పు కార్డుదో దానిదో తేల్చలేరు. క్యాబినెట్ లోపలి దుమ్మును కూడా ఈ దశలోనే శుభ్రం చేసుకోండి.

ఏ ప్రోగ్రాములు కావాలి?

మార్చడానికి ఆఫ్టర్‌బర్నర్. గమనించడానికి జీపీయూ-జెడ్ లేదా హెచ్‌డబ్ల్యూఇన్ఫో. పరీక్షించడానికి యూనిజిన్ హెవెన్ లేదా సూపర్‌పొజిషన్, ఓసీసీటీ, వీలైతే 3డీమార్క్. ఆఫ్టర్‌బర్నర్‌ను తయారీదారు సైటు నుండి మాత్రమే దించుకోండి, ఆ పేరుతో నకిలీ సైట్లు ఉన్నాయి.

కోర్ క్లాక్‌ను ఏ వరసలో పెంచాలి?

ముందుగా పవర్ లిమిట్‌ను కార్డు అనుమతించినంత పైకి జరపండి. కొన్ని 3060 కార్డులలో అది 100 శాతం దాటదు, అది లోపం కాదు. ఫ్యాన్ వేగాన్ని పరీక్ష జరిగినంతసేపూ ఒకే చోట, ఉదాహరణకు 75 శాతం వద్ద నిలిపితే ఫలితాలను పోల్చడం సులువవుతుంది.

ఇక కోర్ క్లాక్. ఈ కార్డులలో వేగం 15 మెగాహెర్ట్జ్ మెట్లలో మారుతుంది కనుక +30, +60, +90 అంటూ పెంచుకుంటూ వెళ్లండి. ప్రతి మెట్టు వద్దా హెవెన్‌ను పది నిమిషాలు నడిపి, తెరను కళ్లతో గమనించండి. గాలిలో తేలే దీవుల మీద ఉన్న ఆ ఊరిలో, రాళ్లు పరిచిన బాట మీదుగానో డ్రాగన్ విగ్రహం చుట్టూనో కెమెరా తిరిగేటప్పుడు రాళ్ల అంచుల దగ్గర ఒక్క ఫ్రేములో మెరిసి మాయమయ్యే చుక్క కనబడితే హద్దు వచ్చిందనే అర్థం. క్రాష్ అయ్యేదాకా ఆగనవసరం లేదు. అక్కడి నుండి కనీసం 30 మెగాహెర్ట్జ్ వెనక్కి రండి. ఒకే మోడల్‌కు చెందిన రెండు కార్డులలో ఒకటి +150 తట్టుకుని, రెండవది +75 వద్దే తడబడవచ్చు. ఇతరుల అంకెలను తెచ్చి నేరుగా మీ కార్డుకు పెట్టకండి.

మెమరీ క్లాక్‌ను +1000 పెట్టినా క్రాష్ కాలేదు. అంటే అది స్థిరంగా ఉన్నట్లేనా?

కాదు. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. జీడీడీఆర్5 అనే మెమరీ రకం నాటి నుండి గ్రాఫిక్స్ మెమరీలో, తీగల మీద ప్రయాణంలో దెబ్బతిన్న సమాచారాన్ని గుర్తించే ఏర్పాటు ఉంది. తప్పు దొరికినప్పుడు అదే సమాచారాన్ని మళ్లీ పంపిస్తారు. కనుక మెమరీ హద్దు దాటినా తెర మామూలుగానే కనబడుతుంది, కానీ మళ్లీ మళ్లీ పంపడానికే సమయం ఖర్చవుతుంది. క్లాక్ అంకె పెరుగుతూ ఉండగా వేగం తగ్గిపోతూ ఉంటుంది.

అందువల్ల మెమరీని క్రాష్‌తో కాకుండా స్కోరుతో కొలవాలి. ముందు కోర్ క్లాక్‌ను సున్నాకు తీసుకురండి, లేకపోతే ఏ తప్పు ఎవరిదో తెలియదు. తరువాత మెమరీని +100 చొప్పున పెంచుతూ ప్రతిసారీ అదే పరీక్షను, అదే సెట్టింగులతో నడిపి స్కోరు రాయండి. స్కోరు పెరగడం ఆగిపోయిన చోటు, లేదా ఒక పరుగుకూ మరొక పరుగుకూ నిలకడ తప్పిన చోటు మీ మెమరీ నిజమైన హద్దు. అక్కడి నుండి 100 గానీ 200 గానీ తగ్గించి వదిలేయండి.

లాభం కూడా లెక్కకు అందేదే. 3060 మెమరీ ఆఫ్టర్‌బర్నర్‌లో 7501గా కనబడుతుంది, 192 బిట్ల దారిలో సెకనుకు 360 జీబీ పంపుతుంది. +500 పెడితే అది 384 జీబీ అవుతుంది, అంటే దాదాపు 7 శాతం అధికం. కోర్ మీద 90 మెగాహెర్ట్జ్ కోసం పడే తంటాలకంటే ఇది తేలికగా దక్కే లాభమని చాలా ఆటలలో తేలుతుంది. కోర్, మెమరీ హద్దులు విడివిడిగా తెలిశాక రెండింటినీ కలిపి మళ్లీ పరీక్షించాలి. రెండూ ఒకే విద్యుత్ పరిమితిని పంచుకుంటాయి కాబట్టి విడిగా నిలిచినవి కలిస్తే నిలవకపోవచ్చు.

స్లైడర్ జరిపినా క్లాక్ వేగం పెరగడం లేదు. ఎందుకు?

జీపీయూ-జెడ్‌లోని సెన్సర్ల పేజీలో పర్ఫ్‌క్యాప్ రీజన్ అనే వరసను చూడండి. పీడబ్ల్యూఆర్ అని ఉంటే విద్యుత్ పరిమితి, థర్మ్ అని ఉంటే వేడి, వీరెల్ అని ఉంటే వోల్టేజీ పరిమితి అడ్డుపడుతున్నాయి. యుటిల్ అని ఉంటే కార్డుకు తగినంత పని అందడం లేదు. అప్పుడు ఆగుతున్నది ప్రాసెసర్ వద్దనో, ఆటలోని ఎఫ్‌పీఎస్ పరిమితి వద్దనో చూసుకోవాలి.

ఎంత ఉష్ణోగ్రత వరకు పరవాలేదు?

3060కి ఎన్విడియా ప్రకటించిన గరిష్ఠ ఉష్ణోగ్రత 93 డిగ్రీలు. ఆఫ్టర్‌బర్నర్‌లో టెంపరేచర్ లిమిట్ సాధారణంగా 83 వద్ద ఉంటుంది. పూర్తి భారం వద్ద 75 లోపు నిలపగలిగితే ఓవర్‌క్లాక్‌కు అనువుగా ఉంటుంది. హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు) అంకె మామూలు అంకె కంటే 10 నుండి 15 డిగ్రీలు ఎక్కువగా ఉండడం సహజం. తేడా 25 దాటుతుంటే చిప్ వేడిని హీట్‌సింక్‌కు (వేడిని బయటికి పంపే లోహపు భాగానికి) చేరవేసే థర్మల్ పేస్ట్ ఎండిపోయిందేమో, హీట్‌సింక్ సరిగా కూర్చోలేదేమో అనుమానించాలి. ఆర్‌టీఎక్స్ 3080, 3090 వంటి, జీడీడీఆర్6ఎక్స్ రకం మెమరీ ఉన్న కార్డులలో మెమరీ ఉష్ణోగ్రతను తప్పనిసరిగా గమనించండి, 110 డిగ్రీల వద్ద అవి వేగం తగ్గించుకుంటాయి. 3060లో ఆ అంకె కనబడదు కాబట్టి మెమరీని పెంచేటప్పుడు క్యాబినెట్‌లో గాలి ఆడేలా చూసుకోవడమే మార్గం.

ఫర్‌మార్క్ గంటసేపు నడిచింది. ఆట మాత్రం పది నిమిషాలకే పడిపోతోంది. ఇదెలా సాధ్యం?

ఫర్‌మార్క్ అనే పరీక్ష ప్రోగ్రామ్ చిప్‌ను అసాధారణమైన భారంతో నింపుతుంది. 2010లో జీటీఎక్స్ 580 వచ్చినప్పుడే ఫర్‌మార్క్‌ను గుర్తుపట్టి విద్యుత్తును అదుపు చేసే ఏర్పాటును ఎన్విడియా పెట్టింది. నేటి కార్డులలో పవర్ లిమిట్ ఆ పని చేస్తుంది. భారం తట్టుకోలేనంత పెరిగినప్పుడు కార్డు వోల్టేజీని, వేగాన్ని కిందికి దించుకుంటుంది. మీరు +120 పెట్టి ఫర్‌మార్క్ నడిపితే కార్డు ఆ గంటంతా, ఉదాహరణకు 1600 మెగాహెర్ట్జ్ చుట్టూ ఉన్న తక్కువ మెట్ల మీదే గడుపుతుంది. అక్కడ అది స్థిరంగా ఉందని తేలింది. పై మెట్లను పరీక్ష అసలు తాకనే లేదు.

ఆటలో అలా కాదు. మెనూ తెరిచినప్పుడు, కొత్త ప్రాంతం లోడ్ అవుతున్నప్పుడు, ఆకాశం వైపు చూసినప్పుడు భారం ఒక్కసారిగా తగ్గి, కార్డు అత్యధిక వోల్టేజీ మెట్టుకు ఎగబాకి 2000 మెగాహెర్ట్జ్ దగ్గరకు చేరుతుంది. మరుక్షణం పేలుడు దృశ్యం వస్తే భారం మళ్లీ విరుచుకుపడుతుంది. చల్లగా ఉన్న కార్డు వేడెక్కిన కార్డు కంటే ఒకటి రెండు మెట్లు ఎక్కువ వేగం అందుకుంటుంది కూడా. అందుకే కొన్ని ఓవర్‌క్లాక్‌లు ఆట మొదలైన తొలి నిమిషాలలోనే పడిపోయి, ఆ గండం గడిస్తే గంటలకొద్దీ నడుస్తాయి. ఒక మెట్టు మీద నిలిచినంత మాత్రాన అన్ని మెట్ల మీదా నిలిచినట్లు కాదు. స్థిరత్వ పరీక్ష అంతా ఈ సూత్రం చుట్టూనే అల్లుకోవాలి.

అయితే పరీక్ష ఎలా రూపొందించుకోవాలి?

భారాలను మార్చి మార్చి పెట్టాలి. వేడిని, విద్యుత్తును పరీక్షించడానికి సూపర్‌పొజిషన్ వంటి బరువైన పని అరగంట. మెమరీకి ఓసీసీటీలోని వీరామ్ (గ్రాఫిక్స్ మెమరీ) పరీక్ష, అందులో ఒక్క తప్పు లెక్కకు వచ్చినా మెమరీని తగ్గించవలసిందే, రెండు తప్పులే కదా అని ఊరుకోకూడదు. 3డీమార్క్ కొనుగోలు చేసి ఉంటే టైమ్ స్పై స్ట్రెస్ టెస్ట్ ఒకే దృశ్యాన్ని 20 సార్లు నడిపి, ఫ్రేమ్ వేగపు నిలకడ 97 శాతానికి తగ్గకుండా ఉంటేనే నెగ్గినట్లు చూపుతుంది.

తరువాత తేలికైన భారం. పాత ఆటను 60 ఎఫ్‌పీఎస్‌కు పరిమితం చేసి ఆడండి, మధ్యలో ఆల్ట్, ట్యాబ్ కీలతో డెస్క్‌టాప్‌కు వచ్చి వెళ్లండి, బ్రౌజర్‌లో వీడియో నడపండి. రాత్రి ఆపేసిన కంప్యూటర్‌ను ఉదయం ఆన్ చేసి కార్డు చల్లగా ఉండగానే నేరుగా ఆటలోకి వెళ్లండి. మీ దగ్గర రే ట్రేసింగ్ (కాంతి కిరణాల దారిని లెక్కగట్టి దృశ్యాన్ని గీసే పద్ధతి) ఉన్న ఆట ఉంటే దానికి ప్రత్యేకంగా సమయం కేటాయించండి. చిప్‌లో మామూలు ఆటలు తాకని భాగాలను అది పనిలోకి దింపుతుంది, రే ట్రేసింగ్ వద్ద బయటపడిన అస్థిరత్వం మిగతా చోట్ల కనబడకపోవడం తరచుగా జరిగేదే. ఇవన్నీ దాటాక కూడా వారం రోజులు రోజువారీ పనిలో నిలిచేవరకు, విండోస్‌తో పాటే అమలయ్యే అవకాశాన్ని ఆఫ్టర్‌బర్నర్‌లో ఆన్ చేయవద్దు.

తెర మీది లక్షణాన్ని బట్టి తప్పు ఎక్కడుందో చెప్పవచ్చా?

కొంతవరకు చెప్పవచ్చు. తెరంతా చల్లినట్లుండే రంగు చుక్కలు, గళ్లు, వస్తువుల మీది బొమ్మలు చెదరడం ఎక్కువగా మెమరీ వైపు చూపుతాయి. తెర ఒక్క క్షణం నల్లబడి తిరిగి రావడం, ఆట ఉన్నట్టుండి మూతపడడం ఎక్కువగా కోర్ వైపు చూపుతాయి. కంప్యూటర్ మొత్తం స్విచ్ తీసేసినట్లు ఆగిపోతే ఎస్ఎంపీఎస్‌ను అనుమానించండి.

ఆట మూతపడితే అది ఓవర్‌క్లాక్ వల్లనో ఆటలోని లోపం వల్లనో ఎలా తెలుస్తుంది?

విండోస్ గ్రాఫిక్స్ కార్డుకు రెండు సెకన్ల గడువు ఇస్తుంది. ఆలోగా కార్డు స్పందించకపోతే డ్రైవర్‌ను తిరిగి నిలబెట్టడానికి ప్రయత్నిస్తుంది. విండోస్‌లో జరిగిన సంఘటనలను చూపే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, సిస్టమ్ లాగ్‌లో ఆ సమయానికి డిస్‌ప్లే పేరుతో 4101 అనే సంఖ్య ఉందేమో చూడండి. రిలయబిలిటీ మానిటర్‌లో లైవ్‌కెర్నల్‌ఈవెంట్ 141 కనబడినా కార్డు స్పందించలేదనే అర్థం. అప్పుడు ఓవర్‌క్లాక్‌ను పూర్తిగా తీసేసి అదే ఆటను, అదే చోట ఆడి చూడండి. మామూలు వేగంలోనూ పడిపోతే ఓవర్‌క్లాక్‌ది తప్పు కాదు. నిలిస్తే, తేల్చుకోవలసింది ఇంకేమీ లేదు, ఒకటి రెండు మెట్లు తగ్గించండి. డ్రైవర్ ఒకసారి పడి లేచిన తరువాత కార్డు కొన్నిసార్లు తక్కువ వేగం వద్దే చిక్కుకుపోతుంది కనుక కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేశాకే తరువాతి పరీక్ష మొదలుపెట్టండి.

ఏఎండీ కార్డులకు వేరే జాగ్రత్తలున్నాయా?

రేడియాన్ కార్డులకు ఆడ్రినలిన్ ప్రోగ్రామ్‌లోనే ట్యూనింగ్ పేజీ ఉంది, ఆఫ్టర్‌బర్నర్ అక్కరలేదు. రెండు ప్రోగ్రాములతో ఒకేసారి మార్చకండి. ఒక్క విషయం మాత్రం తప్పక గుర్తుంచుకోండి: క్రాష్ తరువాత ఆడ్రినలిన్ చాలాసార్లు మీ సెట్టింగులను తొలగించి మామూలు స్థితికి తెస్తుంది. అది గమనించకపోతే మామూలు వేగంలో నడుస్తున్న కార్డునే పరీక్షించి, ఓవర్‌క్లాక్ నిలిచిందని సంతోషపడే ప్రమాదం ఉంది. ప్రతి పరుగుకు ముందు పేజీ తెరిచి అంకెలు ఉన్నాయో లేదో చూడండి.

అండర్‌వోల్టింగ్ అని వింటున్నాము. అది మేలా?

అండర్‌వోల్టింగ్ అంటే వేగాన్ని దాదాపుగా నిలుపుకుంటూ చిప్‌కు అందే వోల్టేజీని తగ్గించడం. రోజూ ఆడుకునే చాలామందికి అదే మేలని మా అభిప్రాయం. ఆఫ్టర్‌బర్నర్‌లో కంట్రోల్, ఎఫ్ కీలు కలిపి నొక్కితే వోల్టేజీ, వేగాల గీత తెరుచుకుంటుంది. ఉదాహరణకు 900 మిల్లీవోల్టుల బిందువును 1800 మెగాహెర్ట్జ్‌కు లేపి, దాని కుడివైపు బిందువులన్నీ అంతకు మించకుండా చదును చేస్తే కార్డు దాదాపు మామూలు వేగంతోనే, తక్కువ విద్యుత్తుతో, తక్కువ ఫ్యాన్ శబ్దంతో నడుస్తుంది. మీ కార్డుకు ఆ అంకె 1770 కావచ్చు, 1860 కావచ్చు. తక్కువ వోల్టేజీలోనూ సంకేతాలు ఆలస్యం కావచ్చు కాబట్టి స్థిరత్వ పరీక్ష ఇక్కడా అంతే అవసరం.

చలికాలంలో కుదిరిన సెట్టింగ్ ఎండాకాలంలో నిలుస్తుందా?

నిలవకపోవచ్చు. గది వేడి పది డిగ్రీలు పెరిగితే, ఫ్యాన్ వేగం మారనప్పుడు, కార్డు వేడి కూడా ఇంచుమించు అంతే పెరుగుతుంది. ఏసీ లేని గదిలో విజయవాడలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం ఆడేవారు డిసెంబరులో చేసిన పరీక్షను నమ్ముకోకూడదు. ఆఫ్టర్‌బర్నర్‌లో ఉన్న ఐదు ప్రొఫైళ్లలో ఒకదానిని వేసవికి కేటాయించి, అందులో 30 మెగాహెర్ట్జ్ తగ్గించి, ఫ్యాన్ వేగం పెంచి ఉంచుకోండి.

ల్యాప్‌టాప్‌లో చేయవచ్చా?

చేయవచ్చు గానీ ప్రయోజనం తక్కువ. పవర్ లిమిట్ తాళం వేసి ఉంటుంది, వేడిని ప్రాసెసర్‌తో పంచుకోవాలి. అక్కడ అండర్‌వోల్టింగ్ మాత్రమే ప్రయత్నించండి.

బ్లెండర్ రెండరింగ్‌కు, మెషిన్ లెర్నింగ్ పనికి కూడా ఇవే సెట్టింగులు వాడవచ్చా?

వాడవద్దు. ఆటలో ఒక ఫ్రేములో తప్పిన పిక్సెల్ మరుసటి ఫ్రేములో చెరిగిపోతుంది. రాత్రంతా నడిచిన లెక్కలో తప్పిన ఒక్క విలువ మాత్రం ఫలితంలో మిగిలిపోతుంది, పైగా ఏ సందేశమూ రాదు. అటువంటి పనికి ముందు మామూలు వేగంతో ఒక ప్రొఫైల్ పెట్టుకుని దానికి మారండి. మెమరీ ఓవర్‌క్లాక్‌ను మరీ ముఖ్యంగా తీసేయండి.

విండోస్ తెరుచుకోగానే క్రాష్ అవుతోంది. బయటపడేదెలా?

సేఫ్ మోడ్‌లోకి (అతి తక్కువ ప్రోగ్రాములతో విండోస్ తెరుచుకునే స్థితిలోకి) వెళ్లండి. అక్కడ కార్డు డ్రైవర్ లోడ్ కాదు కనుక ఓవర్‌క్లాక్ అమలు కాదు. ఆఫ్టర్‌బర్నర్‌ను తొలగించండి, తొలగించేటప్పుడు పాత సెట్టింగులు ఉంచాలా అని అడిగితే వద్దని చెప్పండి. తరువాత మామూలుగా రీస్టార్ట్ చేస్తే కార్డు తన అసలు వేగంతో లేస్తుంది.

వారంటీ పోతుందా?

ఈ నిబంధన తయారీదారును బట్టి మారుతుంది, మీ కార్డు వారంటీ పత్రం చదవండి. బయోస్ మార్చడం, బోర్డు మీద సోల్డరింగ్ వంటివి జాడ వదులుతాయి, వాటితో వారంటీ కోల్పోయే అవకాశం ఎక్కువ.

ఒకసారి స్థిరమని తేలాక మళ్లీ ఎప్పుడు పరీక్షించాలి?

డ్రైవర్ కొత్త వెర్షన్ వేసినప్పుడు, ఎస్ఎంపీఎస్ లేదా క్యాబినెట్ మార్చినప్పుడు, మునుపెన్నడూ ఆడని బరువైన ఆట కొన్నప్పుడు. నెలల తరబడి నిలిచిన సెట్టింగ్ ఒక కొత్త ఆటలో పడిపోతే ఆ ఆటను తిట్టుకోవడానికి ముందు కోర్ క్లాక్‌ను 15 తగ్గించి చూడండి, చాలా సందర్భాలలో సమస్య అక్కడే తీరుతుంది. కార్డుకు రెండు మూడేళ్లు నిండాక థర్మల్ పేస్ట్ ఎండి ఉష్ణోగ్రత మొదట రాసుకున్న అంకె కంటే పది డిగ్రీలు ఎక్కువ చూపుతుంటే, పేస్ట్ మార్పించిన తరువాతే మళ్లీ మొదటి మెట్టు నుండి హద్దు వెదకండి.